మా అమ్మ తలకు ఒక స్టాండు

మన నగరంలో ఎవరి తలనైనా మట్టితోనో రాయితోనో చేసి, ఓ స్టాండు మీద పెట్టారంటే ఆ మనిషి ఇక లేరని అర్థం. ఈ సంగతి ఏ బడిలోనూ చెప్పరు, అయినా అందరికీ తెలుసు. మా అమ్మకు మరీ బాగా తెలుసు. అందుకే మా ఆవిడ చేసిన అమ్మ తలకు స్టాండు సంపాదించే పని నా మీద పడినప్పుడు అమ్మ ఒక షరతు పెట్టింది. చూసినవాళ్లకు తను బతికున్నట్టు అనిపించాలి.

ఆమె అప్పటికి బతికే ఉంది. ఇప్పుడూ ఉంది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మధ్యలో కొంతసేపు మా అపార్ట్‌మెంటులో చాలామందికి ఈ విషయంలో వేరే అభిప్రాయం ఏర్పడింది.

మా ఆవిడ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ బోర్డు మీద కప్పనూ బొద్దింకనూ గీసిన చేయి, రిటైరయ్యాక ఊరికే ఉండలేకపోయింది. బాగ్ లింగంపల్లిలో పెద్దవాళ్లకు మట్టితో బొమ్మలు చేయడం నేర్పుతారని తెలిసి చేరింది. మొదట గిన్నెలు చేసింది. ఇంట్లో ఎవరూ వాటిలో ఏమీ వేసుకోలేదు. తర్వాత పక్షులు చేసింది. అమ్మ చూసి, "కోళ్లు మంచిగొచ్చినయ్" అంది. అవి కొంగలు.

ఆ తర్వాత అక్కడి మాస్టారు అందరినీ మనిషి తల చేసి తెమ్మన్నారు. ఎదురుగా ఎవరో ఒకరు కదలకుండా కూర్చోవాలి. మొదట నన్ను కూర్చోబెట్టింది. నేను కదల్లేదు, నిద్రపోయాను. నిద్రపోతున్నవాడి తల ఎవరికి కావాలని వదిలేసింది. అప్పుడు ఆమె దృష్టి మా అమ్మ మీద పడింది. అమ్మ సాయంత్రమైతే టీవీ ముందు అదే కుర్చీలో, అదే వాలులో, సీరియళ్లు అయిపోయేదాకా కదలదు. ఇంతకంటే మంచి మోడల్ దొరకదు. తను మోడల్‌నని అమ్మకు మొదట్లో తెలియనే తెలియదు. మట్టి ముద్దకు ముక్కు వచ్చాక చూసింది.

"ఇదెవలు?"

"మీరే అత్తమ్మా."

ప్రకటనలు వస్తున్నాయి కాబట్టి తీరిగ్గానే చూసింది.

"ముక్కు నాది కాదు," అంది.

అప్పట్నుంచి మట్టి ఆరేదాకా, ఆరింతర్వాత బట్టీలో కాల్చి తెచ్చేదాకా, తెచ్చి హాల్లో పెట్టాక కూడా ఆమె అభిప్రాయం మారలేదు. ఇంటికి ఎవరొచ్చినా, "అంత నేనే. ముక్కొక్కటి ఎవల్దో," అని పరిచయం చేసేది. మా ఆవిడ నవ్వి ఊరుకునేది. నవ్వినట్టు ఉండేదనడం సరైన మాట.

ఇలా ఉండగా ఆ మట్టి క్లాసు వాళ్లు ఎగ్జిబిషన్ పెడుతున్నామన్నారు. మా ఆవిడ చేసిన తలను మాస్టారు తలుపు లోపల అడుగుపెట్టగానే కనబడే చోట పెడతానన్నారట. ఈ సంగతి ఆమె నాకు పాలు ఇంకా రాలేదని చెప్పే గొంతుతో చెప్పింది. చెప్పి వంటింట్లోకి వెళ్లి, కడిగి బోర్లించిన గ్లాసులన్నీ తీసి మళ్లీ కడిగింది. ఆమె కాలేజీ గ్రూపు ఫొటోలన్నీ నేను చూశాను. అన్నింట్లోనూ చివర్లో ఉంటుంది. ఒకదాంట్లో భుజం మాత్రమే ఉంది. మధ్యలో నిలబడమని ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఆమె పోట్లాడనూ లేదు. కాబట్టి గ్లాసుల సంగతి నాకు అర్థమైంది.

స్టాండు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నారు. అప్పుడే అమ్మ నోరు విప్పింది.

"నా తల తీస్కపోయి నలుగుర్ల పెడ్తే నేను పోయిన అనుకుంటరు."

"అనుకోరమ్మా. అది కళ," అన్నాను.

"కళ నీకు తెలుసు. వచ్చెటోళ్లకు తెలుసా? నా సంగతి చెప్తున్న. చూస్తే మనిషి ఉన్నది అన్నట్టు ఉండాలె. అట్ల అయితేనే అది గడప దాటుతది."

మా ఆవిడ నా వైపు చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను సాయం అడిగిన సందర్భాలు తక్కువ. అడిగి బాగుపడినవి ఇంకా తక్కువ.

నేను అశోక్ నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు రీజనింగ్ చెబుతాను. చెక్క ఘనానికి అన్ని వైపులా రంగేసి చిన్న ముక్కలుగా కోస్తే, ఒక్క వైపే రంగున్న ముక్కలెన్ని అనే లెక్క బోర్డు మీద చెప్పీ చెప్పీ జుట్టు నెరిసింది. చెక్కతో నా పరిచయం అంతవరకే. అయినా ఇంట్లో దీన్ని నా సబ్జెక్టుగానే పరిగణించారు.

శాస్త్రీయంగా మొదలుపెట్టాను. క్లాసయ్యాక అశోక్ నగర్ నుంచి నారాయణగూడ దాకా నడుస్తూ, దారిలో తలలన్నీ ఏ ఎత్తులో ఉన్నాయో గమనించాను. తలెత్తి చూడాల్సిన ఎత్తులో ఉంటే నాయకుడు. ఆ ఎత్తుకు చేరాలంటే ముందు పోవాలి, వేరే దారి లేదు. నడుము ఎత్తు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెడితే సంతాప సభ. మోకాలి ఎత్తు పీట మీద పెడితే దేవత. ఛాతీ ఎత్తులో అద్దం వెనక ఉంటే నగల దుకాణం, అక్కడ మెడ ఉంటుంది గానీ తల ఉండదు. బతికున్న మామూలు మనిషికి నగరంలో ఎక్కడా స్టాండు కేటాయించలేదు.

ఇంట్లో ఉన్నవాటి మీదే పెట్టి చూద్దామన్నాను. అమ్మ తన కుర్చీలోంచి తీర్పులిచ్చింది. ఎత్తు స్టూలు మీద పెడితే, "కటింగ్ చేయించుకోనీకి కూసున్నట్టున్న," అంది. ఫ్రిజ్ మీద పెడితే, "ట్యాంక్ బండ్ మీద విగ్రహం లెక్క నిలబెట్టినవ్," అంది. డైనింగ్ టేబుల్ మీద పెట్టినప్పుడు చాలాసేపు ఏమీ అనలేదు. ఒప్పుకుందేమో అనుకున్నాను.

"వడ్డించినట్టుంది," అంది.

చివరికి నేనే కాగితం మీద ఒకటి గీశాను. నాలుగు పలకల చెక్క స్తంభం, కింద కొంచెం వెడల్పు, పైకి వచ్చేకొద్దీ సన్నం. గుడ్డా, మెట్లూ, చెక్కుడూ ఏమీ లేవు. నిలబడ్డ మనిషి కళ్లకు సరిగ్గా ఎదురుగా తల వస్తుంది, ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు. మా ఆవిడ చూసి, "బాగుంది," అంది. నేను గీసినదాన్ని ఆమె అలా అనడం అదే మొదలు.

నారాయణగూడలో ఒక సందులో పూజా మందిరాలు చేసే వడ్రంగి ఉన్నాడు. టేకు పని బాగా చేస్తాడని పేరు. దుకాణం నిండా మందిరాలే, చిన్నవీ పెద్దవీ, గోడకు తగిలించేవీ. నా కాగితం తీసుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"దేవుడు ఎవరు సార్?"

"దేవుడు కాదు. మా అమ్మ."

పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకున్నాడు. "అయ్యో. ఎప్పుడు సార్?"

"ఇంకా లేదు."

కాగితం మళ్లీ చూశాడు. "ముందే చేయించి పెట్టుకుంటున్రు. మంచిదే సార్. ఆ టైంల మనకు చేతులాడవు."

విషయమంతా చెప్పాను. మట్టి తల, ఎగ్జిబిషన్, బతికున్నట్టు కనబడాలన్న షరతు. అన్నీ శ్రద్ధగా విన్నాడు. విన్నాక, "మీద గోపురం పెట్టాల్నా?" అన్నాడు.

"వద్దు."

"చిన్నది సార్. తామర మొగ్గ లెక్క."

"మీద తల ఉంటుంది."

"అవు గద. అయితే కింద డ్రా పెడ్త. అగ్గిపెట్టె, వత్తులు పెట్టుకోనీకి."

"వద్దు."

"గంటలు?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మరి ఇది ఏంది సార్," అన్నాడు, బాధగా. "ఖాళీ డబ్బా గద."

"ఖాళీ డబ్బానే కావాలి."

పెళ్లిళ్లకు వండే మనిషికి పథ్యం వంట పురమాయిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది అతని ముఖం. కానీ ఒప్పుకున్నాడు.

ఎగ్జిబిషన్‌కు ముందురోజు పొద్దున ట్రాలీ ఆటోలో తెచ్చాడు. చెప్పినట్టే ఉంది, ఒక్కటి తప్ప. పై అంచు చుట్టూ సన్నగా తామర రేకులు చెక్కాడు. అడిగితే, "చేయి ఊకోలే సార్," అన్నాడు. చేతిని ఏమీ అనలేం కదా.

పార్కింగులో దించి, నేల మీద పాత తెల్ల పంచె పరిచి దాని మీద నిలబెట్టాడు, పాలిష్ మరకలు గచ్చు మీద పడకుండా. బరువు పెట్టి చూస్తే గాని ఊగుతుందో లేదో తెలియదన్నాడు. అమ్మ టీవీ చూస్తుండగా మేమిద్దరం తలను తువ్వాలులో చుట్టి లిఫ్టులో కిందికి తెచ్చాం. పెట్టాం. కుదిరింది. ఊగలేదు. మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంకోసారి తిరిగింది. ఫొటో తీయడానికి ఫోను తెచ్చుకుంటానని పైకి వెళ్లింది. వడ్రంగి నన్ను మంచినీళ్లూ అగ్గిపెట్టే అడిగాడు. నీళ్లు తాగుతాడు, బీడీ కాలుస్తాడు అనుకుని నేనూ వెనకే వెళ్లాను. మా ఆవిడ కూడా ఫోను పక్కన పెట్టి వెతికినా అగ్గిపెట్టెకు కొంచెం సమయం పట్టింది. మా ఇంట్లో లైటర్ వచ్చాక అగ్గిపెట్టె ఒకచోట ఉండదు.

నేను కిందికి దిగేలోపు వాచ్‌మన్ దగ్గర అగ్గిపెట్టె దొరికిందట. వడ్రంగి పని అప్పజెప్పే పద్ధతి ఒకటుంది. ఎవరికి ఏ మందిరం చేసినా, వదిలి వెళ్లేముందు దానికి పసుపూ కుంకుమా పెట్టి, ఊదుబత్తి వెలిగించి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొడతాడు. కొట్టకుండా ఇంతవరకూ ఏ చెక్కనూ ఎవరికీ ఇవ్వలేదని తర్వాత చెప్పాడు. ఇదీ చెక్కే. దీనికీ కొట్టాడు. న్యాయంగా చెప్పాలంటే పసుపూ కుంకుమా స్టాండుకే పెట్టాడు, తలను ముట్టుకోలేదు. దండ కూడా స్టాండుకే చుట్టాడు, పై అంచున, తామర రేకుల కింద. అయితే అక్కడ చుట్టిన దండ నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అమ్మ మెడలో ఉన్నట్టే ఉంటుంది. కింద తెల్ల పంచె, పక్కన కొబ్బరి చెక్కలు, ముందు పొగ.

సరిగ్గా అప్పుడే మా అసోసియేషన్ సెక్రటరీ గారు చిక్కడపల్లి మార్కెట్ నుంచి కూరగాయల సంచితో వచ్చారు. చూశారు. సంచి కింద పెట్టారు. చెప్పులు విడిచారు. దండం పెట్టుకుని, వడ్రంగిని ఎవరని అడిగారు.

"ఆ సార్ వాళ్ల అమ్మ," అన్నాడతను. అది నిజమే.

సెక్రటరీ గారు ఏ పనీ వాయిదా వేసే మనిషి కాదు. అక్కడే ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద రాశారు: "మన పెద్దమ్మ ఇక లేరు. ఓం శాంతి."

పక్కనే వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, నిదానస్థుడు. పాల ప్యాకెట్ చిరిగిందని అతన్ని అమ్మ ఆ పొద్దున్నే చీవాట్లు పెట్టింది. "ఇందాకనే తిట్టిన్రు గద సార్," అన్నాడట. సెక్రటరీ గారు అతని భుజం తట్టి, "అట్లనే అయితది," అన్నారట.

మా ఫ్లాటు అమ్మ పేరు మీద ఉంది. ఓనర్లే గ్రూపులో ఉండాలనేది సెక్రటరీ గారు పెట్టిన నియమం. కాబట్టి ఆ గ్రూపులో నేను లేను, మా ఆవిడ లేదు. అమ్మ ఉంది.

నేను వంటింట్లో మూడో డబ్బా తెరిచి చూస్తుంటే హాల్లో ఫోను ఆగకుండా మోగుతున్న చప్పుడు వినబడింది. అమ్మ ఫోనులో అక్షరాలు పెద్దవిగా పెట్టుకుంటుంది, చదివేటప్పుడు పైకి చదువుతుంది.

"ఓం శాంతి," అని వినబడింది. "ఓం శాంతి. పెద్ద దిక్కును కోల్పోయాం. ఓం శాంతి."

ఎవరో పాపం అనుకున్నాను.

గంట మోగింది. తలుపుకు దగ్గరగా అమ్మే ఉంది, తనే తీసింది. సెక్రటరీ గారు చేతులు జోడించుకునే వచ్చారు. వెనక ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఎదురుగా అమ్మ. జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. బతికున్నవాళ్లకు పెట్టేదీ అదే నమస్కారం కాబట్టి మార్చాల్సిన అవసరం రాలేదు.

"పెద్దమ్మా," అన్నారు.

"చెప్పు."

"మంచిగున్నరా?"

"నువ్వే రాసినవ్ గద, లేనని."

"కింద చూసిన. దండ ఉండె. ఊదుబత్తి ఉండె."

"పైకొచ్చి ఒకసారి చూస్తే ఏమైతుండె?"

"అందుకే వచ్చిన పెద్దమ్మా."

"రాసినంక వచ్చినవ్."

అమ్మ పక్కకు జరిగింది. "సరే, రా. కూసో. చాయ్ తాగి పో."

"వద్దమ్మా," అన్నారాయన. "ఇట్లాంటప్పుడు తాగొద్దు. ఇంటికి పోయి తానం చేసినంకనే."

అన్నాక ఏమన్నారో ఆయనకే వినబడింది. వెనక ఉన్నవాళ్లు మెట్ల వైపు చూశారు. అమ్మ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ తాగేదాకా లేవనివ్వలేదు. ఆయన తాగుతుండగా ఆయన ఎదుటే ఫోను నోటి దగ్గర పెట్టుకుని గ్రూపులో మాట్లాడింది.

"నేను ఉన్న. ఓం శాంతి పెట్టినోళ్లందరికి థాంక్స్. మోటరు ఎవలు బందు చేయలేదో చూడున్రి, ట్యాంకు పొంగి పోతున్నది."

మోటరు ఎవరో ఆపారు. ఆ మాటలు వినని ఒకాయన దాని కింద ఇంకో ఓం శాంతి పెట్టాడు.

అందరూ వెళ్లాక అమ్మ ఫోను పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"చూసిన్రు గద. అది ఏడికీ పోదు."

"సరే అత్తమ్మా," అంది మా ఆవిడ.

అంతే. వాదించలేదు. కిందికి వెళ్లి, దండ తీసేసి, తలను తనే తీసుకొచ్చింది. నన్ను పట్టుకోనివ్వలేదు. తువ్వాలు నిండా కప్పి, బీరువా అడుగు అరలో, దుప్పట్ల మధ్య పెట్టి తలుపు వేసింది. తర్వాత అన్నం వండింది. పప్పులో ఉప్పు లేదు. ముగ్గురం తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ కూడా అనలేదు, అది మామూలు విషయం కాదు.

మధ్యాహ్నం అమ్మ గ్రూపులో మెసేజీలన్నీ మళ్లీ మొదట్నుంచి చదివింది. ఈసారి పరిశీలనగా.

"నాలుగో అంతస్తు ఆమె చూడు. 'పెద్ద దిక్కు' అని రాసింది. లిఫ్టుల ఎన్నడన్న నా దిక్కు మొకం తిప్పిందా?"

"తిప్పలేదు," అన్నాను.

"పక్క ఫ్లాటాయన ఏం పెట్టలే."

"ఆయన ఊళ్లో లేడమ్మా."

"ఫోను ఈడనే పెట్టి పోయిండా?"

కాసేపటికి ఫ్యాను గాలి ఎక్కువైందని దుప్పటి కోసం బీరువా దగ్గరికి వెళ్లింది. తలుపు తెరిచిన చప్పుడు వినబడింది. మూసిన చప్పుడు వినబడలేదు. మా ఆవిడ వంటింట్లో గ్లాసులు కడుగుతోంది. అవి ఆ రోజుకు ఎన్నోసారి కడిగించుకుంటున్నాయో తెలియదు.

"ఏమే," అని పిలిచింది అమ్మ. "దీని మొకం మీద తువ్వాల కప్పినవేంది?"

మా ఆవిడ తడి చేతులతో వచ్చి నిలబడింది.

"ఇంట్ల మనిషి ఉంటే మొకం మీద గుడ్డ కప్పుతరా? తియ్యి."

మా ఆవిడ తీసింది. దుప్పట్ల మధ్యలోంచి అమ్మ మొహం అమ్మను చూసింది. ఇద్దరూ ఒకరికొకరు నచ్చినట్టు లేరు, అయినా పరిచయం ఉన్నట్టు ఉన్నారు.

"రేపు ఎంతసేపు ఉంటది ఆ ఎగ్జిబిషన్?" అంది అమ్మ.

"పొద్దున్నుంచి సాయంత్రం దాంక అత్తమ్మా."

"నేను వస్త. పక్కన కుర్చేసుకుని కూసుంట. ఎవలు ఓం శాంతి అంటరో చూస్త."

మా ఆవిడ చేతులు తుడుచుకుంది, బాగా.

వెంటనే పార్కింగులో రిహార్సలు పెట్టాం. స్టాండు మీద తల, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ. అమ్మ పైకి చూసింది. ఇంకొంచెం పైకి చూసింది.

"నేను కింద, అది మీద. మొక్కనీకి వచ్చినట్టున్న. తగ్గించు."

వడ్రంగికి ఫోన్ చేశాను. రాలేనన్నాడు. పని ఉండి కాదు.

"కాయ కొట్టినంక దానికి రంపం పెట్టను సార్. తప్పు."

"నేను పెట్టొచ్చా?"

కొంచెం ఆలోచించాడు. "కాయ నేను కొట్టిన, మీరు కొట్టలే గద. మీ ఇష్టం సార్."

ఆ తర్కంలో లోపం నాకు దొరకలేదు, నా వృత్తి అదే అయినా. పక్క వీధిలో పని జరుగుతున్న ఇంటి నుంచి వాచ్‌మన్ ఒక రంపం అడిగి తెచ్చాడు. కూర్చున్న అమ్మ గడ్డం నేల మీద నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచాను. "తల ఎత్తకు అమ్మా," అంటే, "ఎన్నడు ఎత్తిన," అంది. పైన తామర రేకులున్నాయి కాబట్టి కిందివైపు కోయడం మొదలుపెట్టాను.

ఘనాలు బోర్డు మీద తేలిగ్గా తెగుతాయి. టేకు అలా తెగదు. మొత్తానికి తెగింది. నిలబెడితే ఒక మూల నేలకు ఆనలేదు. మిగతా మూడూ కొంచెం తగ్గించాను. ఇప్పుడు ఎదురు మూల ఆనలేదు. మళ్లీ రంపం ఎత్తితే మా ఆవిడ ఆపింది. ఇంకోసారి కోస్తే పీట అవుతుంది, పీట మీద పెడితే దేవత అవుతుంది, మళ్లీ అమ్మతో గొడవ. నా సంచిలో మా కోచింగ్ సెంటర్ కరపత్రం ఉంటే మడతలు పెట్టి ఆ మూల కింద దోపాను. సరిపోయింది. 'మీ విజయం మా బాధ్యత' అని రాసిన వైపు లోపలికి మడిచాను.

మర్నాడు బాగ్ లింగంపల్లి హాల్లో, తలుపు తీయగానే కనబడే చోట, తలా అమ్మా పక్కపక్కన ఉన్నారు. అమ్మ పోచంపల్లి చీర కట్టుకుంది. రెండు గడ్డాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తిండి బల్ల దగ్గర పక్క పక్క కుర్చీల్లో కూర్చుని, వడ్డన కోసం చూస్తున్న అక్కాచెల్లెళ్లలా ఉన్నారు. లోపలికి వచ్చినవాళ్లు ముందు ఒకరిని చూసేవాళ్లు, తర్వాత రెండోవాళ్లను చూసేవాళ్లు, తర్వాత అమ్మకు నమస్కారం పెట్టేవాళ్లు. ఎప్పుడు పోయారని ఎవరూ అడగలేదు. అడిగే వీలు లేదు.

మా ఆవిడ మాత్రం తన బొమ్మకు దూరంగా, గోడ పక్కన, వేరే ఎవరిదో ఏనుగు దగ్గర నిలబడింది. అలవాటు.

మధ్యాహ్నం నా దగ్గర చదువుకునే కుర్రాళ్లు కొందరు వచ్చారు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకు ఎక్కడైనా ఫ్యాను, ఖాళీ స్థలం ఉన్నాయని తెలిస్తే వస్తారు. అందులో ఒకడు తలను చుట్టూ చూసి, జేబులోంచి పెన్ను తీశాడు.

"సార్, ఈమె ఏ ఉద్యమం సార్?"

"ఏ ఉద్యమమూ కాదు. మా అమ్మ."

"పరీక్షలో అడిగే ఛాన్స్ ఉందా సార్?"

"లేదు."

పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అమ్మ అతన్ని దగ్గరికి పిలిచింది.

"ఏం చదువుతున్నవ్ బిడ్డ?"

"గ్రూప్ టూకు అమ్మ."

"ఎన్నేండ్ల సంది?"

అతను తల వైపు చూశాడు, మట్టి తల వైపు.

"తిన్నవా?" అంది అమ్మ.

ఆ తర్వాత ఒక పెద్దమనిషి వచ్చాడు. లాల్చీ, భుజాన సంచి, చేతులు వెనక్కి కట్టుకుని చూసే రకం. మాస్టారు ఆయన వెంట కొంచెం వంగి నడుస్తున్నారంటే ఆయన మాటకు విలువ ఉందని అర్థం. ఆయన మా ఆవిడ చేసిన తల ముందు ఆగాడు. చాలాసేపు ఆగాడు. ఏనుగు దగ్గర మా ఆవిడ కదలడం మానేసింది.

"పోలిక పట్టుకుంది," అన్నాడు. "నుదురు బాగుంది, పెదవులు బాగున్నాయి. కానీ ముక్కు దగ్గర చేయి కొంచెం తొందరపడింది. పెద్దదైపోయింది."

నేను అమ్మ వైపు చూశాను. ఈ మాట ఆమె నెలల తరబడి చెబుతోంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. మొట్టమొదటిసారి కళ తెలిసినవాడొకడు తన పక్షాన మాట్లాడుతున్నాడు. ఇక ఆగదనుకున్నాను.

అమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. మొహం పక్కకు తిప్పింది.

"ఇటు రా అయ్యా," అంది. "ఇటు దిక్కు నుంచి చూడు."

ఆయన వచ్చి చూశాడు.

"చూసినవా? ఇగ దాన్ని చూడు."

ఆయన దాన్ని చూశాడు. మళ్లీ అమ్మను చూశాడు. మర్యాదస్థుడు, తొందరపడలేదు.

"బరాబర్ అంతే ఉన్నది గద," అంది అమ్మ.

"అంతే ఉందమ్మా," అన్నాడాయన.

"మరి."

ఆయన ముందుకు వెళ్లిపోయాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుంది. మా ఆవిడ గోడ వైపు తిరిగి, అక్కడ తగిలించిన బోర్డు చదవడం మొదలుపెట్టింది. దాని మీద 'పాదరక్షలు బయట విడవండి' అని మాత్రమే ఉంది. చాలాసేపు చదివింది. తర్వాత ఏనుగును వదిలేసి వచ్చి, తన బొమ్మకు అవతలి పక్కన నిలబడింది. మాస్టారు ఫొటో తీశారు. మధ్యలో తల, ఇటు అమ్మ, అటు మా ఆవిడ. ఈసారి రెండు భుజాలూ పడ్డాయి.

ఇప్పుడు ఆ స్టాండు మా హాల్లో అమ్మ కుర్చీ పక్కన ఉంటుంది. ఆ ఎత్తుకు ఇంట్లో వేరే చోట ఎక్కడా కుదరలేదు. కరపత్రం మూల కిందే ఉంది. సాయంత్రమైతే ఇద్దరూ సీరియల్ చూస్తారు. సెక్రటరీ గారు వచ్చినప్పుడు ముందు కుర్చీ వైపు చూసి నిర్ధారించుకుని, తర్వాత మాట్లాడతారు.

ఒకరోజు ప్రకటనలు వస్తున్నప్పుడు మా ఆవిడ అడిగింది. "అత్తమ్మా, మీది ఇంకోటి చేద్దామనుకుంటున్న. ఈసారి ముక్కు సన్నగ చెయ్యనా?"

"ఇప్పుడెట్ల చేస్తవ్?" అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. "అంత మంది ముందర నాదే అని చెప్పిన. ఇగ గదే ముక్కు."

సీరియల్ మళ్లీ మొదలైంది. కొంచెంసేపయ్యాక, ఎవరూ అడగకుండానే, "గాని అది నా ముక్కు కాదు," అంది.

"సరే అత్తమ్మా," అని మా ఆవిడ వెళ్లి మట్టి నానబెట్టింది.